కుండీలకు పనికిరాని మట్టి

మా పిల్లల నోట్లో మట్టి కొట్టింది మీరే. సామెత కోసం అనడం లేదు. లారీల్లో తెచ్చి మరీ కొట్టారు. కాలుష్యం ఆఫీసు రెండో అంతస్తులో ఫ్యాను కింద కూర్చున్న పెద్దలారా, మీతోనే మాట్లాడుతున్నాను. మీ ఫైల్లో లేనిది చెబుతాను, వినండి.

నేను పన్నెండేళ్ళు పూత షాపులో పనిచేశాను. కుళాయిలకు నికెల్, క్రోమియం పూత పెట్టడం నా పని. తొట్లు కడిగిన నీళ్ళు వెనక కాలవలోకి, కాలవ నదిలోకి. మా వీధిలో అలాంటి షాపులు ఇరవై పైనే ఉన్నాయి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు వేరే. నీళ్ళు పోతాయి, లోహం పోదు. అత్తారింట్లో తిష్ట వేసిన అల్లుడిలా అడుగు బురదను పట్టుకుని కూర్చుంటుంది.

కిందటి నెల నదిలో పూడిక తీశారు. ఆ బురదంతా ఎక్కడ పోయాలి? మా వీధి చివర బడి ఆటస్థలం పల్లంగా కనిపించింది. ఏడు లారీలు పోశారు. సోమవారం చదును చేస్తారట. మట్టి శుభ్రమైనదేనని మీ పత్రం తెచ్చి బడి గోడకు అంటించారు. పది నమూనాలు తీస్తే పదీ పాసయ్యాయట. ఆ బడి పుట్టాక అన్నిట్లో అలా పాసైన పిల్ల ఒక్కతీ లేదు.

ఆ నమూనాలు తీసింది మా మరిది. మీ ఆఫీసులో అతని ఉద్యోగమే అది. ఒకే ఇంట్లో ఉంటాం. అతని కూతురికి ఆరేళ్ళు, మేం పిచ్చుక అని పిలుస్తాం. దానికి మట్టి తినే అలవాటు. గోడ సున్నం, బలపం, ఇటుక పొడి, ఏదీ వదలదు. కొట్టాం, బతిమాలాం, డాక్టరుకు చూపించాం. మానలేదు.

గురువారం బడి నుంచి మూతి నల్లగా చేసుకుని వచ్చింది. కడుగుతూ, ఎలా ఉందే అని అడిగాను.

"తాళంచెవి నాకినట్టుంది పెద్దమ్మా. నువ్వు షాపు నుంచి వచ్చేదానివి చూడు, ఆ వాసన."

మూడుసార్లు దాని నోరు పుక్కిలించి ఉమ్మించాను.

మరిది కంచం ముందు కూర్చోగానే పట్టుకున్నాను. శాంపిల్ ఎక్కడ తీశావని అడిగితే, నదిలోనే వదినా, ఆకాశంలో తీస్తానా అన్నాడు. నదిలో ఎక్కడ అంటే కంచంలో గీతలు గీశాడు. లాగగా లాగగా బయటికొచ్చింది. రబ్బరు బూట్ల కోసం అర్జీ పెట్టి మూడేళ్ళయింది. కాలవ కలిసే చోట మోకాలి దాకా దిగబడుతుంది. పెద్ద వంతెన కింద మాత్రం ఇసుక మేట ఉంది, మామూలు జోళ్ళతో నిలబడొచ్చు. పది డబ్బాలూ అక్కడే నింపాడు. ఫారంలో నది పేరు అడిగారు గానీ చోటు అడగలేదట.

ఇసుకకు లోహం పెద్దగా అంటదు, నున్నటి బురదకే అంటుతుంది. నాలుగు పుస్తకాలు తిరగేస్తే నాకే తెలిసింది. జిడ్డు మూకుళ్ళు మంచం కింద దాచి, మంచినీళ్ళ గ్లాసు చూపించి వంటిల్లు శుభ్రం అన్నట్టుంది మీ పత్రం.

"నీకు ఏది చూసినా విషమే వదినా," అని నవ్వాడు. "నువ్వు మొదలుపెడితే కుళాయి కూడా భయపడి ఆగిపోతుంది."

పిచ్చుక ఏం తిన్నదో అప్పుడు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, పిల్ల నోరు తెరిపించి దీపం కింద చూశాడు. చాలాసేపు చూశాడు.

శుక్రవారం ఇద్దరం మీ ఆఫీసుకొచ్చాం. మూడు గంటలు బయట నిలబెట్టారు. మంచిదే అయింది. మీ తోటమాలి ఆవరణలో పూలకుండీలకు ఎర్రమట్టి జల్లిస్తున్నాడు. నది మట్టి వాడరాదా తాతా, మా బడికి ఊరికే పోశారు అన్నాను. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, పనిముట్ల గది తలుపుకున్న కాగితం చూపించాడు. "కార్యాలయ కుండీలలో నది పూడిక మట్టి వాడరాదు. మొక్కలు చనిపోవుచున్నవి." కింద పెద్ద అధికారి సంతకం. బడి గోడ మీద ఉన్నదీ అదే సంతకం. కుండీల కాగితానికి రెండు వారాలు వయసెక్కువ, అంతే తేడా.

ఆ కాగితం పీకి, లోపలికి పిలిచాక మీ పెద్ద అధికారి బల్ల మీద పెట్టాను. అధికారిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అవి సున్నితమైన మొక్కలమ్మా. కుండీల సంగతి వేరు, బడి సంగతి వేరు. పత్రంలో తప్పుంటే చూపించండి."

మా మరిది పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో 'అలాగే సార్' తప్ప ఇంకోమాట ఎరగడు. తలుపు దగ్గర నిలబడ్డవాడు ముందుకొచ్చాడు.

"తప్పు నేను చూపిస్తాను సార్. పది డబ్బాలూ వంతెన కింద ఇసుకే. ఆరోజే మీకు చెప్పాను. ఇసుక మాత్రం నదిది కాదా అన్నారు మీరు. నా కూతురు ఆ మట్టి తింటోంది సార్."

ఆ తర్వాత మీ ఆఫీసు పనితనం చూసి ముక్కున వేలేసుకున్నాను. బూట్లు మూడేళ్ళయినా రాలేదా, సస్పెన్షన్ కాగితానికి అరగంట చాలింది. నమూనాలు సరిగా తీయలేదని అతని మీద విచారణ. అది తేలేదాకా పత్రం మాత్రం చెల్లుతుందట. వంట చెడిందని వంటవాణ్ణి తరిమి, ఆ కూడే పిల్లలకు వడ్డించినట్టు.

మరిది ఇంటికి రాలేదు. తిన్నగా కాలవ కలిసే చోటికి పోయి దిగాడు. తొడల దాకా దిగబడ్డాడు. ప్లాస్టిక్ గరిటెతో నల్లటి బురద తోడి డబ్బా నింపి, చోటు, సమయం రాసి మూత బిగించాడు. సాక్షి సంతకం నాది. జోళ్ళలో ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది, కావాలంటే వెతుక్కోండి. మీ ప్రయోగశాలకు తీసుకెళితే, సస్పెండైనవాడు తెచ్చిన మట్టి మట్టి కిందికి రాదన్నారు. ఆ డబ్బా తెచ్చి మీ బల్ల మీదే, పూలకుండీ పక్కన పెట్టి వచ్చాను.

ఈరోజు శనివారం, బడికి సెలవు. పిచ్చుక కిటికీ దగ్గర కూర్చుని, బడి ఎప్పుడు తెరుస్తారని అడుగుతోంది. దానికి చదువు మీద మనసనుకునేరు.

రేపు సాయంత్రంలోగా ఆ ఏడు లారీల మట్టీ ఎత్తండి. తీసుకెళ్ళి ఇంకో పేదల వీధిలో పోస్తే ఊరుకోను, లారీ వెనకే వస్తాను. బడి పిల్లలందరి రక్తంలో సీసం ఎంతుందో చూడండి, పిచ్చుకతో మొదలుపెట్టండి. పూత షాపుల కాలవ నదిలో కలవకుండా మూయండి. మా మరిదిని పనిలోకి తీసుకుని, బూట్లిచ్చి, బురదలోకి పంపండి. మీరూ ఒడ్డున నిలబడి చూడండి.

ఇవన్నీ తర్వాత. ముందు ఆ డబ్బా మూత తీయండి.