తడి యెఱిఁగిన చెక్కిలి

క్రింది శాలలోఁ దెల్లఁజేయ వేలాడఁదీసిన బట్టలక్రింద గంధకపుఁబొగ యీపాటికి చల్లాఱియుండును, మరల రాజేయవలయును, అని విబియుఁడు తలంచుచుండెను. శరత్కాలప్రభాతమున రోమానగరసౌధశిఖరములపైఁ గుంకుమచ్ఛాయలు చిలికిన బాలభానుకిరణము లా యిఱుకువీథిలోనికి దిగివచ్చి యాతని రజకశాలపైనున్న గదిగోడమీఁద నొక్క సన్నని యెండచారయై నిలిచియుండెను. లోపలి శయ్యపై నాతని భార్య కైసియ ప్రసవవేదనచే వేకువనే ప్రాణములు విడిచి పడియుండెను. ఆమె కన్న యాఁడుశిశు వాతని పాదములయెదుట వట్టినేలపై నుండెను.

తండ్రి నేలనుండి యెత్తుకొన్న శిశువే యింటిబిడ్డ. ఎత్తుకొననిదానిని గంపలోఁ బెట్టి వీథికొసను విడిచివత్తురు. అది యా నగరాచారము.

“నేల చల్లగా నున్నదయ్యా. ఎత్తుకొందువా, గంప తెమ్మందువా?” అని మంత్రసాని ఫిలేన యడిగెను.

“ఇది యేడ్వదేమి?”

“నీవు మాత్ర మేడ్చుచుంటివా? తండ్రిపోలికయే!”

విబియుఁడు తనలో శోకమును వెదకికొనెను. ఎచటనో పెట్టి మఱచిన తాళపుఁజెవివలె నది యింటనే యుండవలయునుగాని చేతికిఁ దగులకుండెను. చేతులన్ననో, పులిసిన మూత్రమునను గంధకపుఁబొగలోను బట్టలు తెల్లఁజేసి చేసి యేనాఁడో స్పర్శ గోల్పోయినవి. బట్ట తడియో పొడియో యతఁడు చెక్కిలి కానించియే తెలిసికొనువాఁడు. సాయంకాలములఁ గైసియ నవ్వుచుఁ దన చెక్కిలి నాతని చెక్కిలికిఁ జేర్చి “నే నాఱితినా చెప్పుము” అని యడుగుచుండెడిది. ఆ నవ్వు జ్ఞప్తికి వచ్చెను. వచ్చియు నతని నేమియుఁ జేయకపోయెను. ఏమియుఁ దెలియని చేతులతో నెత్తుకొనుట యెత్తుకొనుట యగునా?

ఫిలేన నిట్టూర్చి గంప తెచ్చి శిశువుచెంత నుంచెను. “ఇఁక నేను దీసికొనిపోవుదును. తప్పు నీది కాదులే. ఇట్టి దినమున నెవరి మనసు మాత్రము నిలుచును?”

ఆమె వంగుచుండఁగా విబియుఁ డామెకంటె ముందు వంగెను. శిశువుక్రింద చేతులు చొనిపెను. బరువు తెలియలేదు, వెచ్చన తెలియలేదు. పరులసొత్తైన బట్టమూట నెత్తినట్లే యెత్తెను. పిదప నలవాటుచొప్పున నా చిన్నిదేహమును చెక్కిలి కానించుకొనెను.

“ఇంకను దడియే,” అని మెల్లగాఁ బలికి, గోడకడ కేఁగి, యా యెండచారలో శిశువును బట్టుకొని నిలిచెను.