దింపుడు కల్లం

పార్టీ జాబితా ఆ రోజే వస్తుందన్నారు. టికెట్ మళ్లీ తనకిస్తారో లేదో తెలియక ఎమ్మెల్యే మధుసూదన్‌కు పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. సిద్దిపేటలోని ఇంట్లో హాలు ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాడు. చాయ్ సగం తాగి వదిలేశాడు.

అప్పుడే బాలనర్సయ్య పోయాడని కబురొచ్చింది. మొదటి ఎన్నికల్లో జెండా పట్టుకుని తన వెంట ఊరూరా తిరిగిన మనిషి. ఊరు రిజర్వాయర్‌లో మునిగాక నిర్వాసితుల కాలనీకి చేరాడు. వెళ్లి పాడె మోస్తే కాలనీ అంతా చూస్తుందని పీఏ శ్రీకాంత్ అన్నాడు.

పాడె పట్టడం మధుసూదన్‌కు కొత్త కాదు. నాలుగు అడుగులు వేస్తే ఫోటో అయిపోతుంది, ఎవరో ఒకరు వచ్చి భుజం మార్చుకుంటారు. ఫోన్ శ్రీకాంత్‌ చేతికిచ్చి, హైదరాబాద్ నుంచి కాల్ వస్తే ఎక్కడున్నా సరే అందించమన్నాడు.

ఫోటో అయింది. భుజం మార్చుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. కాలనీకి శ్మశానం లేదు, గుట్ట అవతలి దాకా మోయాలి. శ్మశానం జాగ కోసమే బాలనర్సయ్య ఎన్నోసార్లు ఫోన్ చేశాడు. తర్వాత మాట్లాడదామని మధుసూదన్ ఎత్తలేదు.

సగం దారిలో పాడె దించారు. పోయినవాణ్ని చెవిలో మూడుసార్లు పిలిచే దింపుడు కల్లం అది. ఆడవాళ్లు అక్కడి నుంచే వెనక్కి మళ్లుతారు. పోయినవాడి అన్న కొడుకు వంగబోతుంటే బాలనర్సయ్య భార్య లింగవ్వ చెయ్యి అడ్డం పెట్టి మధుసూదన్ వైపు చూసింది.

"నువ్వుండు బిడ్డా. పటేల్ పిలుస్తడు."

మధుసూదన్ తడబడ్డాడు. అయినవాళ్లు పిలవాలి కదా అన్నాడు.

"నీ మనిషినేనని సచ్చేదాక చెప్పుకున్నడు పటేలా. నీకు ఫోన్ చేసి చేసి యాష్టకొచ్చిండు. గిప్పుడు నువ్వు పిలువు. పలుకుతడేమో సూద్దాం."

ఆమె ఏడవడం లేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. మధుసూదన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బాలన్నా" అన్నాడు. సభల్లో మైకు లేకుండానే వినిపించే గొంతు, పక్కవాడికి కూడా వినబడలేదు. రెండోసారి పిలుస్తుండగా శ్రీకాంత్ వెనక నుంచి వంగి గుసగుసలాడాడు.

"అన్నా, హైదరాబాద్. పెద్దసారే."

మధుసూదన్ చెయ్యి వెనక్కి వెళ్లింది. వేళ్లకు ఫోన్ అదురు తగిలింది. లింగవ్వ ఆ చేతినే చూస్తోంది. చెయ్యి ముందుకు లాక్కుని మూడోసారి పిలిచాడు. జవాబు కోసం నిజంగానే ఆగాడు. ఫోన్ మోగి మోగి ఊరుకుంది.

పాడె మళ్లీ లేచింది. గుట్ట ఇంకా దూరంగానే ఉంది. వెనక ఫోన్ మళ్లీ మొదలైంది. ఈసారి భుజం మార్చుకోవడానికి ఒకతను ముందుకొచ్చాడు.

"జర ఆగు" అన్నాడు మధుసూదన్, పాడె కర్రను మెడ వైపు జరుపుకుంటూ.