గచ్చు మేస్త్రి పెరట్లో కూర్చున్న బావి

ఆ వీధిలో పొద్దున్నే లేచినవాళ్ళు మొహం కడుక్కోకముందే ఒక మాట అడుగుతారు, బావి ఇవాళ ఎవరింట్లో ఉందని. అది ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసుకుని లేస్తుంది, గిలక కిర్రుకిర్రుమనిపించుకుంటూ నాలుగిళ్ళు తిరుగుతుంది, మనసైన పెరట్లో చతికిలబడుతుంది. ఎవరి పెరట్లో కూర్చుంటే వాళ్ళు వీధి తలుపు తీసి పెట్టాలి. కట్టుబాటు అదొక్కటే. పక్కింటివాళ్ళతో మాటల్లేనివాళ్ళు కూడా బావి ఉన్నన్నాళ్ళూ తలుపు బార్లా తీసి, మొహం మాత్రం అటు తిప్పుకునేవాళ్ళు.

గచ్చు మేస్త్రిది ఆ వీధే. నేలకి సిమెంటు చెయ్యడంలో వాణ్ణి మించినవాడు పుట్టలేదు, పుట్టినా వాడి దగ్గరే పనికి కుదిరేవాడు. వాడు చేసిన గచ్చుమీద చీమ నడిస్తే కాలుజారి నడుం పట్టేసేది. ఈగ వాలితే కింద తన మొహం చూసుకుని మీసం దువ్వుకునేది. ఇక గచ్చు వాలంటారా, చెంబెడు నీళ్ళు ఒలికితే చెంబు నిలబెట్టేలోగా అవి ఊరు దాటేవి. అబద్ధమన్నవాడు ఆ గచ్చుమీద ఒక్కసారి పరిగెత్తి చూడాలి. ఊడిన పళ్ళు ఏరుకుంటూ వాడే సాక్ష్యం చెబుతాడు.

వానలు బుద్ధి మార్చుకున్నాక మేస్త్రికి క్షణం తీరిక లేకుండా పోయింది. పూర్వం వాన చుట్టంలా వచ్చి, నిదానంగా నాలుగు రోజులుండి, చెప్పి వెళ్ళేది. ఇప్పుడు దొంగలా ఒక్క పూటలో వచ్చి ఇల్లంతా కలియదొక్కి పోతోంది, మళ్ళీ నెలల తరబడి జాడ ఉండదు. ఆ ఒక్క పూటకే పెరళ్ళన్నీ మోకాలిలోతు బురద. దాంతో ఒకళ్ళని చూసి ఒకళ్ళు మేస్త్రిని పిలిచారు. చివరికి దర్జీ పెరడొక్కటే మట్టినేలగా మిగిలింది. బావి కూడా అక్కడే ఉంటోంది. అది షికారుకెళ్ళిన సందు చూసుకుని, దర్జీ పోరు పడలేక, మేస్త్రి దాన్ని కూడా నున్నగా చేసేశాడు. మరి బావి సంగతేమిటని ఒక్కరికీ తట్టలేదు. పక్కింట్లో కూర్చుంటుందిలే అనుకున్నారు. పక్కింటివాళ్ళూ అదే అనుకున్నారు.

బావి తిరిగొచ్చింది. వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ ఆగింది, లోపలికి తొంగిచూసింది. తర్వాత గిలక చప్పుడు కూడా చెయ్యకుండా ఇటుకబట్టీ వైపు వెళ్ళిపోయింది.

అందరికీ నడుములు పడిపోయింది అప్పట్నుంచే. ఎండలో అంతదూరం పోయి నీళ్ళు మోసుకు రావాలి. తాగడానికైతే ఎలాగో సరిపెట్టుకోవచ్చు, మేస్త్రి భార్య గతేం కాను? ఊళ్ళో లాడ్జీల దుప్పట్లన్నీ ఆవిడే ఉతుకుతుంది. ఆ చేతిలో పడ్డ దుప్పటి చూసి కొంగలు సిగ్గుపడేవి. ఇప్పుడు దుప్పట్లు గుట్టగా పడున్నాయి, లాడ్జీలవాళ్ళు వేరే మనిషిని వెతుక్కుంటున్నారు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. మాసినవి పక్కకి తోసి తన చీరలు మూట కట్టుకోవడం మొదలెట్టింది.

మేస్త్రి మూటకి అడ్డం పడ్డాడు. ఎక్కడికే అన్నాడు.

"అక్కయ్య ఊరికి. అక్కడ ఏరుంది. ఇక్కడుండి నీ గచ్చుమీద ఉమ్మేసి ఉతకమంటావా దుప్పట్లు?"

"నాలుగు రోజులాగు. దాన్ని బతిమాలి తీసుకొస్తా."

"నన్ను బతిమాలడమే చేతకాదు నీకు, బావిని బతిమాలతావా? పద, నేనూ వస్తా. ఆ ముచ్చట చూసే పోతాను."

ఇద్దరూ ఇటుకబట్టీకి వెళ్ళారు. బావి చిక్కిపోయి, బానంత అయి, బూడిదలో ముడుచుకుని ఉంది. ఆవిడ ఒరమీద చెయ్యి వేసింది. జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది. రమ్మంటే మారు మాట్లాడకుండా లేచి, దూడలాగా వెనకాలే వచ్చింది. మేస్త్రి ఇంటిదాకా వచ్చి పెరట్లో అంచు మోపి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"చూశావా," అంది భార్య. "కాలు పెట్టడానికి మట్టేదీ దానికి?"

ఆ పెరడు మామూలు పెరడు కాదు. బేరానికొచ్చినవాళ్ళకి మేస్త్రి చూపించే పెరడు. చెప్పులు విప్పితేగాని ఎవర్నీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. కాసేపు గచ్చువైపు చూశాడు, కాసేపు మూటవైపు చూశాడు. పలుగు తీశాడు.

అది పగిలితేగా. పలుగు వంగింది, చేతులు బొబ్బలెక్కాయి, గచ్చుమీద గీత పడలేదు. ఎవడు చేశాడురా ఈ దిక్కుమాలిన గచ్చు అని మేస్త్రి నోరారా తిట్టుకున్నాడు. గోడమీంచి దర్జీ ఇదంతా చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వి, ఆఖరికి తన పలుగు పట్టుకొచ్చాడు. వీధంతా చెయ్యి వేస్తే మంచం వేసేంత మేర మట్టి బయటపడింది. బావి హమ్మయ్య అన్నట్టు అందులో కూలబడింది.

కూలబడితే సరిపోతుందా? కింద మట్టి పిండిలా ఉంది. చేద వేస్తే తాడు కూడా తడవకుండా పైకొచ్చింది. మేస్త్రి కప్పులన్నీ ఎక్కి చూశాడు. పడ్డ చినుకు పడ్డట్టు ఊరిబయటికి తరిమేస్తోంది తను పెట్టిన వాలే. ఇక ఇల్లిల్లూ తిరిగి, మీ కప్పుమీది నీళ్ళు మా పెరట్లోకి మళ్ళించుకుంటానన్నాడు.

"మా నీళ్ళని మీ ఇంటికి ఇల్లరికం పంపమంటావేంటి బావా?" అన్నాడు దర్జీ.

"ఇవాళ మా ఇల్లు, రేపు మీ ఇల్లు. నువ్వూ మంచమంత మట్టి వదిలిపెట్టు. అది తిరగాలిగా."

అలా ప్రతి పెరట్లోనూ మంచమంత మట్టి తేలింది. మేస్త్రి గచ్చుల్లో కాలవలు చెక్కి, వాలంతా వెనక్కి తిప్పాడు. భార్య ఒక్క వాన చూసి పోతానంది. మూట మాత్రం గుమ్మం పక్కనే పెట్టింది.

వాన వచ్చింది. ఎప్పట్లాగే దొంగలా, ఒక్క మధ్యాహ్నం, ఆకాశం అడుగూడినట్టు. కప్పుల మీంచి జారిన నీళ్ళు కాలవల్లో పడి, మలుపులు తిరిగి, బావి దగ్గరికొచ్చాయి. బావి గటగటా తాగింది. తాగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తాగింది. వాన వెలిశాక ఒక త్రేన్పు త్రేన్చింది, దర్జీ ఇంట్లో సూదులడబ్బా కిందపడింది.

తర్వాత అది కదలడం మానేసింది. దర్జీ తన మట్టి చూపించి పిలిచినా లేవలేదు. ఏ రోగమో అని మేస్త్రి బెంగపడ్డాడు. భార్య చెవి ఆనించి విని, నీకు తెలీదులే ఊరుకో అంది. మర్నాడు పోతానన్న మనిషి ఎల్లుండి అంది, ఎల్లుండి వస్తే ఆదివారమంది.

ఆ ఆదివారం పొద్దున్న మేస్త్రి లేచేసరికి, ఉతికే బండ పక్కన పళ్ళెమంత మూతితో ఒక పిల్లబావి నిలబడి ఉంది. ఒర ఇంకా తడారలేదు. రెండడుగులు తూలుతూ వేసి, భార్య చీర కుచ్చిళ్ళ దగ్గర కూలబడింది. లోపల అరచెయ్యంత ఆకాశం కదులుతోంది.

మేస్త్రి గొంతు సవరించుకుని, ప్రయాణం ఎప్పుడని నేలచూపులు చూస్తూ అడిగాడు.

"ఇంత పసిదాన్ని వదిలి ఎక్కడికి పోతానయ్యా," అంది ఆవిడ. "చేద ఇలా ఇయ్యి. అది కాదు, చిన్నది చూసి ఇయ్యి."