సుంకులమ్మ దవడపన్ను

నేను ఒక దవడపన్నును. నోట్లో అందరికంటే వెనక, చీకట్లో కూర్చుని, కొర్రలూ జొన్నలూ నమిలి నమిలి అరిగిపోయినదాన్ని. చాకిరీ అంతా మాది, నవ్వినప్పుడు పేరంతా ముందుపళ్ళది. సరే, ఆ కోపం ఇప్పుడెందుకులెండి.

నా యజమానురాలు సుంకులమ్మ, అనంతపురం వైపు ఓ మెట్ట ఊళ్ళో మంత్రసాని. నూరేళ్ళు దాటిన మాట. ఆ ఏడు ఊళ్ళో ముందు ఎలుకలు చచ్చాయి, తరువాత మనుషులు. చంకల్లో, గజ్జల్లో గడ్డలు. ఒళ్ళు కాలిపోయే జ్వరం. జనం ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకుంటే, సుంకులమ్మ కషాయం కాచి గుడిసె గుడిసెకూ తిరిగి తాగించింది. తాగినవాళ్ళూ పోయారు, తాగనివాళ్ళూ పోయారు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం తాగినవాళ్ళే. కషాయంలో విషం కలిపిందన్నారు. చివరికి ఆమే పోతే, భయపడి మిగిలిన విషం తనే తాగేసిందన్నారు. ఆహా, ఏం తీర్పు!

ఆమెను ఊరి బయట పాతిపెట్టి, ఆ దారిన పోయే ప్రతివాడూ సమాధి మీద ఓ రాయి విసిరి పోవడం ఆచారం చేసుకున్నారు. విసిరి విసిరి గుట్ట చేశారు. నాకు ఎండ తగలకుండా, వాన దిగకుండా, కుక్కలు తవ్వకుండా కాపు కాసింది ఆ గుట్టే. మనుషులు కోపంతో చేసిన పని కూడా ఒక్కోసారి ఇలా కలిసొస్తుంది.

రాళ్ళు నా మీద పడితే, మాటలు ఆమె వంశం మీద పడ్డాయి. "కషాయమోళ్ళు" అని పేరు పెట్టి, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడం మానేశారు. మునిమనవరాలు ఓబులమ్మ దాకా అదే తంతు. ఆమెకు బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది. వండిన అన్నం వండినట్టే మిగిలిపోయింది. "కషాయమోళ్ళ చేతి కూడు మా పిల్లోళ్ళు తినరు" అని ఊరిపెద్ద లింగప్ప తేల్చేశాడు. వేసవి సెలవులు అయ్యేలోగా ఊరు ఒప్పుకోకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని పంతులు చెప్పేశాడు.

ఆ వేసవిలోనే నీళ్ళ పైపు కోసం తవ్వుతుంటే గుట్ట కదిలి, సుంకులమ్మ పుర్రె బయటపడింది. పాత ఎముకల్లో పాత రోగాల ఆనవాళ్ళు వెతికే రుక్సానా మేడంకు కబురు వెళ్ళింది. ఆమె వచ్చేదాకా ఓబులమ్మ ఉగ్గబట్టుకోలేకపోయింది. అవ్వకు చివరి స్నానమైనా చేయించలేదు కదా అని, పుర్రెను చింతపండు పెట్టి తోమి, పసుపునీళ్ళతో కడిగి, కుంకుమ బొట్టు పెట్టి కూర్చుంది.

మేడం చూసి నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేసినావమ్మా! మీ అవ్వ ఎట్ల పోయిందో చెప్పే ఆనవాలు దీంట్లోనే ఉండాల్సింది."

ఓబులమ్మ ఉన్నచోటే కూలబడింది. "అయ్యో, నా సేతులారా నేనే తుడిసేసుకుంటినే!"

నోట్లో పుట్టినా మాట రానిదాన్ని, ఏం చెయ్యను? లేకపోతే అరిచేదాన్ని: లోపల చూడు తల్లీ! నా గట్టి పెంకు కింద చిన్న గది ఉంది. చివరి జ్వరంలో సుంకులమ్మ ఒంట్లో పారిన నెత్తురు అక్కడే ఎండిపోయి ఉంది. పసుపునీళ్ళు అంతదూరం రాలేదు. మేడం నన్ను దవడలోంచి ఊడదీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పన్ను పగల్లేదు. ఆశ ఉంది" అంది. ఓబులమ్మ కంటే ముందు నాకే ప్రాణం లేచొచ్చింది.

"ఆ కషాయం తాగి పోయిన మా ముత్తాత పన్ను గూడా తీసుకపోండి. ఆయమ్మ పోసిన విషం బయటపడుతుంది" అంటూ లింగప్ప తన పెద్దల సమాధి తెరిపించాడు.

ప్రయోగశాలలో నా మర్యాద చూడాలి! అందరూ నెత్తి నుంచి పాదాల దాకా తెల్లబట్టలు, ముసుగులు. వాళ్ళ తుమ్ము పడితే నేను మైలపడతానట! నన్ను ముట్టుకుంటే తామెక్కడ మైలపడతామో అని నూరేళ్ళు భయపడిన మనుషుల జాతి కదా ఇది. పైపైన శుభ్రం చేసి, లోపల తొలిచి పిండి తీశారు. నొప్పేమీ లేదు, నరం ఎప్పుడో పోయింది. ఆ పిండిలో ఓ క్రిమి డీఎన్ఏ, అంటే అది ఫలానా జీవి అని చెప్పే లోపలి రాత, తునకలు తునకలుగా దొరికింది. క్రిమి ఏనాడో చచ్చింది, దాని రాత మిగిలింది. ఆ తునకల్ని యంత్రంతో చదివి, వరసగా పేర్చి చూస్తే పేరు తేలింది. ప్లేగు. లింగప్ప ముత్తాత పంట్లోనూ అదే!

హమ్మయ్య! నూరేళ్ళుగా లోపల దాచుకున్న మాట అప్పటికి బయటపడింది.

బడి తెరిచే ముందురోజు మేడం ఊరందరినీ పిలిచి చెప్పింది. "విషం కాదు. ఇద్దరినీ చంపింది ప్లేగే. రోగుల మధ్య తిరిగింది కాబట్టి ఆమెకూ అంటి ఉంటుంది." నాలో మిగిలిన ముక్కను ఓబులమ్మ చేతిలో పెట్టింది. ఆమె నన్ను కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. లింగప్ప కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు ఖాళీ పళ్ళేలు ముందు పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఓబులమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆమె కొంగు ముడిలో నేనూ ఉన్నాను. అప్పుడు లింగప్ప వచ్చి, పిల్లల వరసలో చతికిలబడి, పళ్ళెం చాచాడు. ఆమె వడ్డించింది. ఆయన కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలే చప్పుడు నాకు తెలియనిదా! ఇంకో ముద్ద కూడా నమిలి మింగి, తలెత్తాడు.

"పప్పులో ఉప్పు సాల్లేదు ఓబులమ్మా."

ఓబులమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఉప్పు కోసం లోపలికి పరుగెత్తింది. మా ఇంటి వంటకు వంక పెట్టిన మనిషి ఇన్ని తరాల్లో ఆయనే మొదటివాడు.