రెండు కొక్కేలు

శనివారం ఒంటిపూట బడి అయిపోగానే టీచరు ప్రేమకుమారి ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కేది. రెండున్నరకల్లా స్టేషను వెనక వీధిలో నాయన ఇంటి ముందు చెప్పులు విడిచేది. వచ్చీరాగానే కొంగు దోపుకొని అంట్లు కడిగి, నాయన చొక్కాలు ఉతికి, జొన్నరొట్టెలు కాల్చేది. ఆదివారం ఇద్దరూ చర్చికి పోయేవాళ్లు. సోమవారం మొదటి బస్సుకు ఆమె మళ్లీ బడికి. తల్లి కృపావరం పోయినప్పటి నుంచీ, ఏడేళ్లుగా, ఇది తప్పలేదు.

తండ్రి దేవసహాయం నంద్యాల స్టేషన్లో ముప్పై రెండేళ్లు రైలుపెట్టెలు తగిలించే పని చేశాడు. రెండు పెట్టెలు దగ్గరికొచ్చి గుద్దుకునే క్షణంలో మధ్యలో నిలబడి కొక్కెం వేయాలి. ఆ పనిలో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పందొమ్మిది వందల డెబ్బై ఆరులో రిటైరయ్యాక చేతులు ఊరుకోక, డాల్డా డబ్బాల రేకుతో చిన్న రైలు చేశాడు. వసారాలో బల్ల మీద గుండ్రంగా పట్టాలు. ఇంజనులో పాత బొమ్మకారు మోటారు. స్విచ్చి నొక్కితే బ్యాటరీలతో నడిచేది.

పెట్టెలు తగిలించడం ఎట్లాగో చేసుకునేవాడు గానీ, విడదీయడానికి ఆ సన్న కొక్కెం మిగిలిన వేళ్లకు అందేది కాదు. రేడియోలు బాగుచేసే జిలాని ఉపాయం చెప్పాడు. కొక్కేలు ఇత్తడి తీగెతో చేసి, ఒక్కోదానికి కింద ఇనుపమేకు తోకలాగా బిగించారు. పట్టాల కింద పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్క పెట్టారు. కొక్కెం దాని మీదికి రాగానే రైలు ఆపితే, తోక కిందికి దిగేది, కొక్కెం పైకి లేచేది. ఇంజను ముందుకు పోతే వెనక పెట్టె అక్కడే నిలిచిపోయేది.

పక్కింటి లింగమ్మ మేకపిల్ల ఎంతకీ పాలు మరవలేదు. ఒకరోజు ఆమె, పెట్టెలు విడిపోవడం చూసి, తల్లిమేక వెంట్రుకలు ఒక పెట్టెలో, పిల్లవి ఇంకో పెట్టెలో వేసింది. పెట్టెలు విడిపోయిన పూటే పిల్ల పొదుగు వదిలి గడ్డికి మూతి పెట్టింది. ఆ తర్వాత చంటిపిల్లలకు పాలు మాన్పించాలని తల్లులు వచ్చారు. మొగుడి తలవెంట్రుక, సారాసీసా బిరడా పట్టుకొని పెండ్లాలు వచ్చారు. పాణ్యం నుంచి కూడా వచ్చేవాళ్లు. కామెర్లకు పసరు పోసే ఇంటికి పోయినట్టే వచ్చి, పనైనాక ఒక సొరకాయో, ఇన్ని శెనక్కాయలో పెట్టి పోయేవాళ్లు.

డెబ్బై తొమ్మిదిలో, క్రిస్మస్ ఇంకా నెల ఉందనగా, ప్రేమకుమారి రొట్టె వడ్డిస్తూ చెప్పింది.

"నాయనా, ఆళ్లగడ్డలో లక్ష్మీనారాయణ అని శిల్పాలు చెక్కుతాడు. మా బడి ఎనకనే వాళ్ల కొట్టం. మేం పెండ్లి చేసుకోవాలనుకుంటాండాం."

"బొమ్మలు చెక్కేటోడా? అవి యాడ పెడతారో తెల్సునా?"

"తెల్సు. గుళ్లల్లో పెడతారు. నన్ను చర్చికి పోవద్దని ఆయన ఎప్పుడూ అనలే."

"పాస్టరుగారి మొగం నేనెట్ల చూడాల?"

"నా మొగం చూడు నాయనా. ముప్పై ఏండ్లు నాకు."

దేవసహాయం చూడలేదు. రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు. చర్చి మాట పైకి అన్నదే. పెండ్లైతే శనివారం బస్సు ఎవరి కోసం ఎక్కుతుందనేదే ఆయన భయం. ఆ సంగతి కూతురికి చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఆమె సంచిలో, చేతిరుమాలులో మూటగట్టిన నల్లరాతి పెచ్చు ఒకటి ఆయనకు కనపడింది. ఒకవైపు అద్దంలా నునుపుగా ఉంది, ఆ శిల్పి చేతి పనే. సోమవారం ఆమె బస్సెక్కేసరికి ఆ పెచ్చు, ఆమె జడరిబ్బను దేవసహాయం జేబులో ఉన్నాయి.

ఆయన నేరుగా జిలాని అంగడికి పోయాడు.

"పాత అయస్కాంతం ఒగోసారి జారిపోతాంది. గట్టిది కావాల."

జిలాని డబ్బా వెతికి బఠాణీగింజంత ముక్క తీశాడు. "యాడి మిషన్లోదో ఇది. చిన్నదే గానీ మొండిదన్నా. పక్కనున్నదాన్ని గూడా ఇడిసిపెట్టదు. ఎవురికేందీ?"

"ఎవురికో."

ఇంటికొచ్చి, పట్టాల కింద పాతదాని చోట ఆ ముక్క పెట్టి, ఇంజను వెనక మూడు పెట్టెలు తగిలించాడు. మొదటిదాంట్లో తన డ్యూటీ ఈల, రెండోదాంట్లో రిబ్బను, మూడోదాంట్లో రాతి పెచ్చు. కూతురు తన వెంట రావాలి, రాయి వెనక నిలిచిపోవాలి. చివరి కొక్కేన్ని సరిగ్గా అయస్కాంతం మీదికి తెచ్చి ఆపాడు. టిక్కుమని లేచింది. వెంటనే ఇంకో టిక్కు వినపడింది. అప్పటికే ఆయన వేలు స్విచ్చి నొక్కింది.

ఇంజను ఈల ఒక్కదాన్నే తీసుకొని కదిలింది. పెట్టెలు బెత్తెడు పొడుగు కూడా లేవు, అయస్కాంతం ముందు కొక్కేన్ని కూడా లేపేసింది. రిబ్బను పెట్టె అటూ ఇటూ దేనికీ తగులుకోకుండా పట్టాల మీద ఒంటిగా నిలబడింది.

దేవసహాయం గబగబా వాటిని మళ్లీ తగిలించాడు. కొక్కేలు పడ్డాయి. ఆ శనివారం మాత్రం ప్రేమకుమారి రాలేదు. పై శనివారమూ రాలేదు. అయస్కాంతాన్ని తీసుకుపోయి కుందూ ఏట్లో పారేసి వచ్చాడు. అయినా రాలేదు.

నాలుగో వారం ఆయనే ఆళ్లగడ్డ పోయాడు. ముందు రాతికొట్టానికి పోయి, ఉలి పట్టుకున్న మనిషి ముందు చేతులు జోడించాడు.

"నువ్వు మా పాపను చేసుకుంటానంటివంట గదప్పా. చేసుకో. నేను అడ్డం రాను."

లక్ష్మీనారాయణ మర్యాదగా లేచి నిలబడ్డాడు. "అనుకున్న్యాం పెద్దాయనా. ఎందుకనుకున్న్యామో ఇప్పుడు గుర్తుకు రావడంల్యా. ఉయ్యాలవాడ సంబంధం ఖాయం చేసినారు మావాళ్లు."

బడి పక్కన అద్దెగదిలో ప్రేమకుమారి పరీక్ష కాగితాలు దిద్దుతోంది. నాయన్ను చూసి కుర్చీ జరిపింది, చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన నీళ్లు ముట్టకుండా అంతా చెప్పాడు. ఈల, రిబ్బను, రాయి, రెండో టిక్కు. చెప్తూ ఏడ్చాడు.

ఆమె ఎర్రపెన్ను పట్టుకొని చివరిదాకా విన్నది.

"అట్లనా," అంది.

"తిట్టు తల్లీ. కొట్టు."

"కోపం వస్తే తిట్టేదాన్నే నాయనా. రావడంల్యా." పెన్ను కాగితాల మీద పెట్టింది. "నువ్వెవరో తెల్సు. అమ్మ పోయినప్పుడు నన్ను ఒళ్లో పండబెట్టుకున్న్యావు, అదీ తెల్సు. శనివారం సంచి గూడా తీసుకుంటా. బస్టాండుకు పోవాలని మాత్రం అనిపించదు. నాలుగున్నరకు నంద్యాల బస్సుంది. సీటు దొరుకుతాది."

మళ్లీ కాగితాలు ముందుకు లాక్కుంది. నాలుగున్నర బస్సు హారను వినపడింది, పోయింది. దేవసహాయం కుర్చీలోనే ఉన్నాడు. ఐదున్నర బస్సూ పోయింది. చివరి కాగితం మీద మార్కులు వేసి, కట్ట కట్టి, ప్రేమకుమారి తల ఎత్తింది.

"ఇంకా ఈడనే ఉండావా?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి.