వేలు చూపే పని

డబ్బాలోంచి మొదట వచ్చిన చీటీ దండాసిది కాదు. వార్డు అధికారి ఒక చీటీ తీసి, విప్పి, చదువుకుని, ముందు వరసలో కూర్చున్న కంట్రాక్టరు కోటిబాబు వైపు చూశాడు. చీటీ మడిచి మళ్ళీ డబ్బాలో పడేశాడు. ఇంకొకటి తీసి గట్టిగా చదివాడు. అప్పుడొచ్చింది దండాసి పేరు. పట్టపగలు, మా సందు సందంతా చూస్తుండగా జరిగింది. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

బర్మా సైన్యానికి మనుషులు చాలక తెచ్చిన చట్టం ఇది. వయసొచ్చిన ప్రతి కుర్రాడి పేరూ డబ్బాలో ఉంటుంది. పేరొచ్చినవాడు తుపాకీ పట్టుకుని సొంత దేశం జనం మీదకే వెళ్ళాలి. పారిపోదామంటే విమానం ఎక్కనివ్వరు. ఊరు మారుదామంటే ప్రతి బస్సునీ ఆపి చూస్తారు. రాత్రికి చుట్టం వచ్చి పడుకున్నా వార్డులో చెప్పుకోవాలి. యాంగోన్‌లో, తామ్వే పేటలో, మా సందులో మగపిల్లలవి బోనులో ఎలుకల బతుకులు. నాకు ఆ పిల్లల మొహాలు చూస్తే కడుపు మండుతుంది.

నా పేరు పద్మిని. సైన్యం గద్దెనెక్కినప్పుడు సమ్మె చేసి సర్కారు బడి ఉద్యోగం వదిలేశాను. అప్పట్నుంచీ మా ముందుగదిలో పిల్లల్ని జీఈడీకి తయారుచేస్తున్నాను. అది అమెరికావాళ్ళ పరీక్ష. సర్కారు బడి వద్దనుకున్న పిల్లలకు మిగిలిన దారి అదొక్కటే. నన్ను వాళ్ళు సయామా అంటారు, బర్మా భాషలో పంతులమ్మ అని. వీళ్ళ ముత్తాతలు బస్తాలు మోయడానికి తెలుగునేల నుంచి ఓడెక్కి ఈ రేవుకి వచ్చారు. వీళ్ళేమో కరెంటు లేని గదిలో చెమటలు కక్కుతూ వాషింగ్టన్ చరిత్ర బట్టీపడుతున్నారు.

ఆ మధ్యాహ్నం దండాసి క్లాసుకి వచ్చాడు. కోటిబాబు కొడుకు సూర్యప్రకాష్ కూడా వచ్చాడు. మొదటి చీటీ ఎవరిదో ఇద్దరికీ తెలుసు. రోజూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు ఆ రోజు గోడకొకడు కూర్చున్నారు. పాఠం అమెరికా తొలి చరిత్రలో మలుపులు.

"సయామా, ఇయన్నీ మనకేటి?" అన్నాడు దండాసి. "టీ పెట్టెలు సముద్రంలో పారేసినారంట. బాగుంది. రేపు లారీ వత్తాది. దానికేటి సెప్పింది మీ పుస్తకం?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పుస్తకం మూసి, టీ కంటే ముందు జరిగిన సంగతి చెప్పాను. లండన్ ప్రభుత్వం సముద్రం అవతల కూర్చుని అమెరికాలో ప్రతి కాగితం మీదా స్టాంపు పన్ను వేసింది. స్టాంపులు పంచడానికి ఆ ఊళ్ళ మనుషుల్నే పెట్టింది. జనానికి లండన్ అందదు. అందుకని స్టాంపులు పంచేవాడి ఇంటి మీదకు వెళ్ళారు. వాడి బొమ్మ చేసి చెట్టుకు ఉరేశారు. ఈ పని వదిలెయ్యమన్నారు. ఊరికొకడు చొప్పున అందరూ వదిలేశారు. చట్టం మొదలయ్యే రోజుకి స్టాంపులు పంచే నాథుడే లేడు. మరుసటి ఏడు లండన్ ఆ పన్ను ఎత్తేసింది.

"మా గొప్పోళ్ళు," అన్నాడు దండాసి. "ఆళ్ళ ఇళ్ళల్లో మరి బానిసలున్నారు గదా?"

"ఉన్నారు. స్వేచ్ఛ అని అరిచినవాళ్ళకే వంటా ఇంటిపనీ చేశారు. వాళ్ళ మంచితనం నేర్చుకోమనట్లేదురా, కిటుకు నేర్చుకోమంటున్నాను."

అప్పుడు సూర్యప్రకాష్ మొదటిసారి నోరు విప్పాడు. "మన దగ్గర స్టాంపులు పంచేవోడెవుడు?"

అందరూ నా వైపు చూశారు.

సైనికులకీ, వార్డు అధికారికీ మా కుర్రాళ్ళ మొహాలు తెలియవు. మావాళ్ళకి గుర్తింపు కార్డులో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. ఒకే బర్మా పేరు సందులో నలుగురికి ఉంటుంది. కార్డు మీద ఫొటో చిన్ననాటిది. లారీ వచ్చినప్పుడు గుమ్మం ముందు నిలబడి 'వీడే' అని వేలు చూపేది పదిళ్ళ పెద్ద. పదేసి ఇళ్ళకి ఒకణ్ణి వార్డు ఆఫీసే నియమిస్తుంది. మా పదిళ్ళ పెద్ద కూర్మనాథం నా మేనమామ.

సాయంత్రం మామయ్య గుమ్మం ముందుకు అందరం వెళ్ళాం. దండాసి తల్లి తార తన్లిన్ వంతెన దాటి ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉంది. మామయ్య అరుగు దిగలేదు.

"నాను కాదంతే ఆళ్ళు ఊరుకుంటారేటి? నన్ను ఇన్సేన్ జైలుకి ఒట్టుకుపోతారు. ఈ వయసులో నాను బతుకుతానా? సెప్పవే పద్మినీ, నీ పుస్తకంలో రాసినారా అది?"

ఆయన చెప్పింది నిజమే.

కోటిబాబు వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. "ఒక్కడి కోసం సందంతా నాశనం సేసుకుంతామా? ఎల్లనీండి. మిగిలినోళ్ళం బతుకుతాం."

"ఒక్కడేనా?" తార గిర్రున తిరిగింది. "మల్లీ నెలకి డబ్బా రాదా? నీ కొడుకు సీటీ మల్లీ పైకి రాదా? ఎన్నిసార్లు మడిసి పడేయిత్తావు బావూ?"

కుర్రాళ్ళు ఊగిపోయారు. ఒకడు కూర్మనాథం బొమ్మ చేసి తగలెడదామన్నాడు. తార వాడి నోరు మూయించింది.

"బొమ్మలూ వద్దు, రాళ్ళూ వద్దు. కూర్మనాదం బావు మన మడిసి. మనింటి ఇధానం మనకున్నాది." ఆడవాళ్ళ వైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెప్పింది.

మర్నాడు తెల్లవారింది. మామయ్య లేచి, మొహం కడుక్కుని, టీ అడిగాడు. మా అత్త అచ్చమ్మ చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఏటే, పొయ్యి ఎలిగించనేదా?"

"సందులో పీనుగుండగా పొయ్యి ఎలిగిత్తారా?"

"ఓలమ్మో, ఎవురు పోయినారే?"

"ఇంకా పోనేదు. నీ ఏలు లేత్తే పోతాడు."

మామయ్య చొక్కా కూడా వేసుకోకుండా సందులోకి వచ్చాడు. సందులో చావు జరిగితే శవం లేచేదాకా ఏ ఇంటా పొయ్యి వెలగదు. తాతల కాలం నాడు ఓడతోపాటు తెచ్చుకున్న ఆచారం అది. ఏ ఇంట్లోనూ పొగ లేదు. పిల్లలు చద్దన్నం తింటున్నారు. కోటిబాబు పెళ్ళాం కూడా వంటింటికి తాళం వేసి గుమ్మంలో కూర్చుంది. మామయ్య ఒక్కో గుమ్మం ముందూ ఆగాడు. ఎవరూ తిట్టలేదు, బతిమాలలేదు. చావింటికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. ఆయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. దండాసి ఇంటి ముందు చతికిలపడి తల పట్టుకున్నాడు.

లారీ వచ్చేసరికి సందంతా బయటే ఉంది. కుర్రాళ్ళందరూ ఒకచోట నిలబడ్డారు. దండాసి పక్కన సూర్యప్రకాష్ భుజం ఆనించి నిలబడ్డాడు.  

"ఊ కూర్మా, ఎవడు వాడు?" వార్డు అధికారి బర్మా భాషలో అడిగాడు.

మామయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను పెద్దను కాను. ఆ పని వదిలేశాను," అన్నాడు. బర్మా భాషలో చెప్పి, మాకోసం తెలుగులో మళ్ళీ అన్నాడు. "ఒగ్గేసినాను. నా సేత కాదు."

తుపాకీ మడమతో ఛాతీ మీద కొట్టారు. అత్త కేక పెట్టింది. ఆయన పడి, గోడ పట్టుకుని లేచాడు. వేలు మాత్రం లేవలేదు.

అధికారి మొహం ఎర్రబడింది. సందు చివర నిలబడ్డ కోటిబాబుని పిలిచాడు. "ఈ క్షణం నుంచి నువ్వు పదిళ్ళ పెద్దవి. చూపించు."

కోటిబాబు కుర్రాళ్ళ వైపు చూశాడు. దండాసి మొహం కనపడాలంటే తన కొడుకు మొహం దాటాలి. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. ఆయన అలాగే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. తిట్టారు, తన్నారు. లేవలేదు. ఇంకొకణ్ణి పిలిచారు. వాడూ కూర్చున్నాడు. తర్వాత పిలిచే పని లేకుండా సందంతా కూర్చుంది.

దండాసి ఎవరో తేలక, చివరికి మామయ్యనే లారీ ఎక్కించారు. అత్త లారీ వెంట పరిగెత్తింది. ఆమెతో ఏదో చెబుతాడనుకున్నాం. ఆయన మా అందరికీ వినపడేలా అరిచాడు.

"నా ఎనకాల ఈ పనికి ఎవురూ ఒప్పుకోకండి! ఎవురూ!"

మామయ్య ఇన్సేన్‌లోనే ఉన్నాడు. అన్నం మూట పట్టుకుని వెళ్తే లోపలికి తీసుకుంటున్నారు గానీ మనిషిని చూపించట్లేదు. బతికున్నాడో లేదో తెలియక అత్త చిక్కిపోతోంది. పక్కసందు పదిళ్ళ పెద్ద ఆ వారమే పని వదిలేశాడు. ఆ తర్వాత దాని పక్కసందువాడు. లారీ మళ్ళీ వస్తుంది, ఈసారి ఎక్కువమందితో వస్తుంది. మాకు తెలుసు, భయంగానే ఉంది. వార్డు అధికారి కొత్త పెద్దను వెతుక్కుంటూ మా సందుకు వచ్చినప్పుడల్లా తలుపులు తీసే ఉంటున్నాయి. అందరం గుమ్మాల్లోనే నిలబడుతున్నాం. ఒప్పుకునేవాడు ఒక్కడూ దొరకట్లేదు.