కూర్చునేదాకా

బంగాళదుంపల వేపుడు అడుగంటకుండా కలుపుతుంటే ఫోన్ మోగింది. ఇంటి నుంచి మొగుడు.

"ఆలోచించావా? అమ్మ ఆ మోకాళ్ళతో పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. చదువెక్కడికి పోతుంది, తర్వాత చూసుకోవచ్చు. నీ భోజనం వేళకి మళ్ళీ చేస్తా. నువ్వు ఊఁ అంటే టికెట్ తీసేస్తా."

ఆమె ఫోన్ పెట్టేసి మంట తగ్గించింది.

దేశం కాని దేశంలో ఆమె చదువు ఇంకా సగంలోనే ఉంది. ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. పక్క గదుల్లో మరో ఇద్దరు చదువుకునే పిల్లలు, ఒకరు పొడుగమ్మాయి, ఒకరు కళ్ళద్దాల అమ్మాయి. ఆ ఇంట్లో ఎవరి వంట వాళ్ళదే. ఆమె పొద్దున్నే వండి పెట్టేసి, రాత్రి చదువు నుంచి వచ్చాక చల్లారిందే తినేది. వెళ్ళిపోవాల్సి వస్తుందేమోనన్న దిగులుతో, ఒక్కసారైనా అందరికీ తన చేత్తో పెట్టాలని ఈరోజు వంటకి పూనుకుంది. ఆ మాట మొగుడికి నిన్ననే చెప్పింది.

ముగ్గురినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించింది. అలవాటుగా వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. ఎవరూ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. నీళ్ళు లేవు కాబోలనుకుని నీళ్ళు తెచ్చింది. ముట్టలేదు. కారానికి జడిశారేమోనని పెరుగు తెచ్చింది. ముట్టలేదు. పొడుగమ్మాయి మాత్రం వేపుడు వైపు చూసి గుటకలు మింగింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు "ఎవరు నేర్పారమ్మా నీకీ వంట?" అంటూ పళ్ళెం తోసేసిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఆరోజు అత్తగారే వెనక చేరి "ఉప్పు పిసరంత తగ్గితే కొంపేం మునగదులే, ఊరుకో" అని వీపు నిమిరింది. అందరి తిళ్ళూ అయ్యాక గిన్నెల అడుగున చల్లారి మిగిలింది ఊడ్చుకుని, ఇద్దరూ గుమ్మం దగ్గరే చతికిలబడి తినేవాళ్ళు. "మనకి నోరు కాలుతుందన్న భయం లేదే" అని నవ్వేది అత్తగారు. నవ్వించడానికే అనేది. ఆమె నవ్వేది కూడా. ఇప్పుడు మాత్రం ఆమెకి నవ్వు రాలేదు.

ఇంటావిడ లోపలికొచ్చింది.

"బాగాలేదా అండీ?" అనేసింది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

"బాగుందో లేదో తింటే కదా తల్లీ తెలిసేది! నువ్వు రాకుండా ఎలా తింటాం? మా ఇళ్ళల్లో వండిన మనిషి కూర్చుని తొలి ముద్ద తినేదాకా ఎవరూ ముట్టరు."

బల్ల దగ్గర నుంచి పొడుగమ్మాయి కేక వేసింది, ఆమె దగ్గరే నేర్చుకున్న పిలుపుతో. "అక్కా! ఇంకేదైనా తెస్తానన్నావంటే నేనీ బల్ల కొరుక్కు తినేస్తా!"

ఆమె వచ్చి కూర్చుంది. ఇంటావిడ పొయ్యి మీది మూకుడే తెచ్చి ఆమె పళ్ళెంలో వడ్డించింది. కలుపుతుంటే వేళ్ళు చురుక్కుమన్నాయి. నోట్లో పెట్టుకుంటే నాలుక కాలింది. తను చేసే వేపుడు కరకరలాడుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

అప్పుడే ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. ఫోన్ మోగింది. ఇదివరకైతే ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని లేచి వెళ్ళేది. ఇప్పుడు కూర్చునే, ఎడం చేత్తో తీసింది.

"తింటున్నానండీ."

"అప్పుడేనా? అందరూ తినేశారా?"

"అందరం తింటున్నాం."

"సరే, మరి టికెట్ తియ్యనా?"

"వద్దు. చదువయ్యాకే వస్తాను."

"మరి అమ్మ సంగతో?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

ఆమె గొంతు మెత్తబడింది.

"మీరు వండండి. ఎలాగో నేను ఫోన్లో చెప్తా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. అత్తయ్య కూర్చుని తొలి ముద్ద తినేదాకా మీరెవరూ చెయ్యి పెట్టకండి."